బెంజమిన్ రాబిన్స్

బెంజమిన్ రాబిన్స్ (1707 - 1751 జూలై 29) ఇంగ్లండుకు చెందిన గణితవేత్త, సైనిక ఇంజనీరు. తుపాకి గుండు వేగాన్ని లోలకం సాయంతో కొలిచి, దానిని గాలి ఎంత బలంగా నిరోధిస్తుందో అంకెలతో చూపి, ప్రక్షేపక శాస్త్రానికి ప్రయోగపు పునాది వేసినవాడు. తుపాకి గొట్టంలో గుండు ఏ చోట కూర్చున్నది అనేదానిపై దాని వేగమూ, కాల్చేవాని క్షేమమూ ఆధారపడి ఉంటాయని ఇతడు లెక్కకట్టి, తుపాకులు పగలగొట్టి మరీ నిరూపించాడు. ఈస్టిండియా కంపెనీ ఇంజనీరు జనరల్‌గా 1750లో కోరమాండల్ తీరానికి వచ్చి, ఏడాది తిరిగేసరికి కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో మరణించాడు. మద్రాసు ఫ్రెంచివారి చేతికి చిక్కిన 1746 నుండి 1752 వరకు ఈ తీరంలోని కంపెనీ వ్యవహారాలకు, తెలుగు రేవులతో సహా, ఆ కోటే ముఖ్య స్థానంగా ఉండేది.

బాల్యం, విద్య

రాబిన్స్ ఇంగ్లండులోని బాత్ పట్టణంలో ఒక పేద క్వేకర్ కుటుంబంలో జన్మించాడు. తండ్రి దర్జీ. చదివించే స్తోమత ఇంట్లో లేకపోయినా, గణితంలో ఇతని ప్రతిభ గమనించినవారు ఇతడు రాసిన ఒక పత్రాన్ని లండనులోని హెన్రీ పెంబర్టన్ అనే పండితునికి పంపించారు. పెంబర్టన్ న్యూటన్ గ్రంథపు మూడవ ముద్రణను పరిష్కరించినవాడు. ఆయన ఇచ్చిన లెక్కలను ఈ కుర్రవాడు సులువుగా సాధించడంతో లండనుకు దారి ఏర్పడింది. 1727లో, ఇరవయ్యేళ్ళ వయసులో, రాబిన్స్ రాయల్ సొసైటీ సభ్యునిగా ఎన్నికయ్యాడు. విశ్వవిద్యాలయం గడప తొక్కని వానికి ఇది చిన్న గౌరవం కాదు.

తరువాత కొన్నేళ్ళు ఇతడు ఇళ్ళ వద్ద గణితం బోధించి జీవనం సాగించాడు. క్వేకర్ల దుస్తులను, ఆచారాలను క్రమంగా విడిచిపెట్టాడు. యుద్ధాన్ని నిషిద్ధంగా భావించే శాఖలో పుట్టినవాడు ఫిరంగుల శాస్త్రానికి ఆద్యుడు కావడం ఇతని జీవితంలోని వింతలలో ఒకటి. ఈ కాలంలోనే ఫ్లాండర్స్ ప్రాంతానికి వెళ్ళి అక్కడి కోటలను పరిశీలించాడు. వంతెనలు, రేవులు, మురుగుభూముల నుండి నీటిని తోడివేయడం వంటి పనులపైనా ఆసక్తి చూపాడు.

గణితంలో ఇతడు న్యూటన్ పక్షపాతి. వస్తువుల అభిఘాతం విషయంలో 1728లో యోహాన్ బెర్నూలీని విమర్శించాడు. న్యూటన్ కలనగణితం తర్కానికి నిలవదని బిషప్ బర్కిలీ 1734లో దాడి చేసినప్పుడు, మరుసటి సంవత్సరమే దానికి సమాధానంగా ఒక పుస్తకం ప్రకటించాడు.

ఫిరంగి శాస్త్రంలోకి

1741లో వూలిచ్ పట్టణంలో రాజ సైనిక విద్యాలయం ఏర్పడింది. అక్కడి ఆచార్య పదవి తనకు దక్కుతుందని రాబిన్స్ ఆశించాడు, కాని అది వేరొకరికి వెళ్ళింది. ప్రధాని వాల్పోల్‌కు వ్యతిరేకంగా ఇతడు రాసిన రాజకీయ కరపత్రాలే కారణమని అంటారు. 1742లో వాల్పోల్ పతనమైన తరువాత ఆయన పాలనపై విచారణకు పార్లమెంటు నియమించిన రహస్య సంఘానికి రాబిన్స్ కార్యదర్శిగా పనిచేశాడు. ఆచార్యునిగా చెప్పదలచుకున్న పాఠాలు మాత్రం వృథా కాలేదు. అదే 1742లో అవి ఫిరంగి విద్యకు కొత్త సూత్రాలు అనే అర్థం వచ్చే శీర్షికతో చిన్న పుస్తకంగా వెలువడ్డాయి.

అంతకు ముందు రెండు శతాబ్దాలుగా ఫిరంగిని గురించి రాసినవారికి కొదవలేదు. గాలి లేనిచోట విసరిన వస్తువు పరావలయ మార్గంలో పోతుందని గెలీలియో నిరూపించిన తరువాత, ఫిరంగి గుండు కూడా దాదాపు అలాగే పోతుందని పండితులు నమ్మారు. గాలి పలచనిది, గుండు బరువైనది, కాబట్టి నిరోధం లెక్కలోకి రాదని వారి వాదన. గుండు గొట్టం నుండి ఎంత వేగంతో బయటకు వస్తున్నదో కొలిచే నమ్మకమైన సాధనం వాడుకలో లేనందున ఈ వాదనను పరీక్షించే మార్గం లేకపోయింది.

లోలకం

రాబిన్స్ ప్రయోగ సాధనం చాలా సాదాగా ఉంటుంది. మూడు కాళ్ళ ముక్కాలి నుండి ఒక ఇనుప లోలకం వేలాడుతుంది, దాని ముఖానికి దళసరి చెక్క బిగించి ఉంటుంది. గుండు వచ్చి ఆ చెక్కలో దిగబడిపోతుంది. గుండు ద్రవ్యవేగం మొత్తం ఇప్పుడు గుండు, లోలకం రెండిటికీ చెందుతుంది. అడుగుకు కట్టిన పట్టీ ఎంత బయటికి లాగబడిందో చూస్తే లోలకం ఎంత ఎత్తుకు ఊగిందో తెలుస్తుంది, దాని నుండి వేగం తెలుస్తుంది. చెక్కదిమ్మెలో దూసుకుపోయిన తూటా లెక్కగా నేటికీ భౌతికశాస్త్ర విద్యార్థులు చేసేది ఈ ప్రయోగాన్నే.

ఇతని గుండు బరువు పౌనులో పన్నెండవ వంతు, లోలకం బరువు సుమారు 56 పౌన్లు. కంటికి కనిపించని వేగం ఈ విధంగా కొన్ని వందల రెట్లు తగ్గి, సెకనుకు మూడడుగుల పైచిలుకు వేగంగా మారింది. అలా కొలిచినప్పుడు మస్కెట్ గుండు వేగం సెకనుకు 1,600 అడుగులకు పైగా తేలింది.

ఈ సాధనాన్ని తుపాకికి దగ్గరగా ఒకసారి, దూరంగా ఒకసారి నిలిపి రెండు వేగాల తేడా చూడగా గాలి నిరోధం బయటపడింది. ఆ వేగంలో గుండుపై గాలి చూపే నిరోధం గుండు బరువుకు నూరు రెట్లను మించి ఉన్నది. వేగం ధ్వనివేగాన్ని సమీపించి దాటేచోట ఈ నిరోధం ఒక్కసారిగా పెరుగుతుందని కూడా ఇతడు గమనించాడు. 24 పౌన్ల ఫిరంగి గుండు గాలి లేనిచోట 16 మైళ్ళు పోవలసి ఉండగా, వాస్తవంలో 3 మైళ్ళు కూడా పోదని ఇతని లెక్క. విజయవాడలో ప్రకాశం బ్యారేజీ దగ్గర పేల్చిన గుండు పరావలయ సిద్ధాంతం ప్రకారం కంకిపాడు దాటి ఉయ్యూరు వైపు సాగిపోవాలి. నిజానికి అది నగరం దాటకముందే నేల కూలుతుంది. పండితుల లెక్కకూ ఫిరంగివాని అనుభవానికీ మధ్య ఉన్న అంతరం ఇంతటిది.

గుండు కూర్చునే చోటు

పుస్తకంలో మొదటి అధ్యాయం తుపాకి మందు బలానికి సంబంధించినది. ఫిరంగి చరిత్ర రాసేవారు లోలకాన్ని గురించి ఎక్కువగా చెప్పి ఈ భాగాన్ని త్వరగా దాటిపోతారు. తుపాకి లోపల జరిగేదానికి తొలి గణిత వివరణలలో ఒకటి మాత్రం ఇక్కడే ఉన్నది.

మందు మండినప్పుడు పుట్టే వాయువు, చల్లారిన తరువాత, మందు ఘనపరిమాణానికి సుమారు 244 రెట్లు ఉంటుందని రాబిన్స్ కొలిచాడు. మంట వేడిలో అది మందు ఉన్న చోటులోనే బంధించబడి ఉంటే, దాని పీడనం వాతావరణ పీడనానికి సుమారు వెయ్యి రెట్లు ఉంటుందని అంచనా కట్టాడు. ఇక బాయిల్ నియమాన్ని వర్తింపజేశాడు. గుండు ముందుకు జరిగేకొద్దీ దాని వెనుక ఖాళీ పెరుగుతుంది, ఖాళీ పెరిగేకొద్దీ పీడనం తగ్గుతుంది. ఈ పీడనాన్ని గొట్టం పొడవునా గీస్తే అతిపరావలయం వస్తుంది. దాని కింది వైశాల్యం గుండుకు అందిన మొత్తం శక్తిని తెలుపుతుంది. ముప్పాతిక అంగుళం వ్యాసం, 45 అంగుళాల పొడవు గల గొట్టంలో మందు రెండున్నర అంగుళాలకు కొంచెం పైగా ఆక్రమించినప్పుడు గుండు వేగం సెకనుకు సుమారు 1,670 అడుగులు ఉండాలని లెక్క తేలింది. లోలకం చూపిన వేగం దానికి ఎంతో దూరంలో లేదు.

ఈ లెక్కలో గుండు ప్రయాణం ఎక్కడ మొదలవుతున్నది అనేది కీలకమైన అంకె. గుండు వెనుక ఖాళీ ఎంత తక్కువైతే తొలి పీడనం అంత ఎక్కువ. అదే మందు, అదే గుండు, అదే గొట్టం ఉన్నా, గుండు కూర్చున్న చోటు మారితే ఫలితం మారుతుంది.

అలాగైతే గుండును మందుకు దూరంగా ఉంచితే పీడనం తగ్గి తుపాకి మరింత భద్రంగా ఉండాలి కదా అనిపిస్తుంది. రాబిన్స్ దీనిని కూడా పరీక్షించాడు, ఫలితం తలకిందులుగా వచ్చింది. మంచి ఇనుముతో చేసిన ఒక గట్టి మస్కెట్‌లో గుండును గొట్టం మూలం నుండి 16 అంగుళాల దూరంలో ఉంచి పేల్చాడు. గుండుకు సరిగ్గా వెనుక ఉన్న గొట్టం భాగం ఊదిన తిత్తివలె రెట్టింపు వ్యాసానికి ఉబ్బి, అందులోనుండి రెండు పెద్ద ముక్కలు ఎగిరిపోయాయి. ఇతని వివరణ ప్రకారం మండిన వాయువు ఖాళీలో వేగం పుంజుకొని వచ్చి, నిశ్చలంగా ఉన్న గుండును ఢీకొని, దాని వెనుక ఒకచోట పోగుపడుతుంది. అక్కడ ఏర్పడే పీడనం గొట్టం తట్టుకోగలిగిన దానిని మించిపోతుంది.

ఆనాటి సిపాయికి ఇది ప్రాణాలతో ముడిపడిన విషయం. మస్కెట్‌ను మూతి నుండి నింపేవారు. కాగితపు తోటా చించి మందు పోసి, గుండు వేసి, కడ్డీతో చివరిదాకా కూరాలి. యుద్ధపు హడావుడిలో గుండు సగంలో ఆగిపోతే, లేదా తుపాకిని కిందికి వంచినప్పుడు గుండు ముందుకు జారితే, రాబిన్స్ కావాలని చేసిన ప్రయోగం సిపాయి చేతిలో అనుకోకుండా జరిగిపోయేది. కడ్డీతో గట్టిగా అదిమి గుండును మందుపై ఆన్చాలనే పాతకాలపు కవాతు నియమానికి కారణం ఏమిటో రాబిన్స్ ప్రయోగం తేటతెల్లం చేసింది.

ఇతని లెక్కలో లోపాలు లేకపోలేదు. గుండు కదలకముందే మందంతా మండిపోతుందని ఇతడు భావించాడు. నిజానికి మందు మండుతుండగానే గుండు ముందుకు సాగిపోతుంది. గుండుకూ గొట్టానికీ మధ్య సందులోనుండి పోయే వాయువును కూడా ఇతడు పూర్తిగా లెక్కలోకి తీసుకోలేదు. ఈ రెండు లోపాలనూ తరువాతివారు సవరించారు.

వంకర గొట్టం, రైఫిలు

సూటిగా గురిపెట్టిన గుండు పక్కకు ఎందుకు తొలగుతుంది అనేది రాబిన్స్‌ను వేధించిన మరొక ప్రశ్న. గుండు గొట్టం గోడకు రాసుకుంటూ వచ్చి గిరగిరా తిరుగుతుందని, ఆ తిరగడం వలన గాలి దానిని ఒక పక్కకు నెడుతుందని ఇతడు ఊహించాడు. నిరూపించడానికి ఒక మస్కెట్ గొట్టం చివరి భాగాన్ని ఎడమవైపు కొద్దిగా వంచి, దారిలో పలుచని కాగితపు తెరలు నిలబెట్టి కాల్చాడు. వంపును బట్టి గుండు మొదట ఎడమకు వెళ్ళింది, తరువాత తెరలలోని రంధ్రాలు క్రమంగా కుడివైపు మళ్ళాయి. గొప్ప గణితవేత్త ఆయిలర్ ఈ వివరణను అంగీకరించక, గుండు ఆకారంలోని లోపమే కారణమన్నాడు. నిజం రాబిన్స్ వైపు ఉన్నది. క్రికెట్టులో స్పిన్ బంతి గాలిలో వంపు తిరగడానికి కారణం ఇదే. నూరేళ్ళ తరువాత 1852లో దీనిని పరిశోధించిన మాగ్నస్ పేరుతో ఇది నేడు మాగ్నస్ ప్రభావంగా పిలువబడుతున్నది. కనుగొన్నవాని పేరు పుస్తకాలలో అరుదుగా కనిపిస్తుంది.

ఈ దోషానికి మందు రైఫిలులో ఉన్నదని రాబిన్స్ 1747లో రాయల్ సొసైటీకి సమర్పించిన పత్రంలో వివరించాడు. గొట్టం లోపల మెలి తిరిగిన గాళ్ళు ఉంటే గుండు తన ప్రయాణ దిశనే అక్షంగా చేసుకొని తిరుగుతుంది, కాబట్టి ఏ ఒక్క పక్కకూ తొలగదు. అప్పటికే జర్మనీ, స్విట్జర్లాండులలో వేటగాళ్ళు ఇటువంటి తుపాకులు వాడేవారు. అయితే గుండు గాళ్ళను పట్టుకోవాలంటే బిగువుగా ఉండాలి, బిగువుగా ఉంటే మూతి నుండి సుత్తితో కొట్టి దించాలి, లేదా నూనె పూసిన తోలుముక్కలో చుట్టి కూరాలి. అందుకు చాలా సమయం పట్టేది. గుండు, మందు వెనుక నుండి పెట్టే తుపాకులు మేలని, గుండ్రని గుండుకు బదులు కోడిగుడ్డు ఆకారం గుండు మంచిదని ఇతడు సూచించాడు. రైఫిలును పూర్తిగా అర్థం చేసుకొని తన సైన్యానికి ఇచ్చిన దేశం మిగిలినవారిపై పైచేయి సాధిస్తుందని ఇతడు చేసిన హెచ్చరిక 19వ శతాబ్దంలో నిజమయింది.

ఈ కృషికి 1746లో రాబిన్స్‌కు రాయల్ సొసైటీ కోప్లీ పతకం లభించింది. ఆయిలర్ 1745లో ఇతని పుస్తకాన్ని జర్మను భాషలోకి అనువదించి, మూలం కంటె ఎన్నో రెట్లు పెద్దదైన వ్యాఖ్యానం చేర్చాడు. ఆ వ్యాఖ్యానంతో కూడిన ఫ్రెంచి అనువాదం 1783లో వెలువడింది. యువ ఫిరంగిదళ అధికారిగా నెపోలియన్ చదివిన పుస్తకాలలో అది ఒకటి.

భారతదేశంలో

1747లో ఫ్రెంచివారు ముట్టడించిన బెర్గెన్ ఆప్ జూమ్ కోట రక్షణకు సాయపడేందుకు డచ్చివారు రాబిన్స్‌ను ఆహ్వానించారు. ఇతడు చేరుకున్న కొద్దికాలానికే కోట పడిపోయింది. 1748లో వెలువడిన ఆన్సన్ నౌకాయాత్రా గ్రంథం రచనలో ఇతని పాలు ఎంత అనే వివాదం చాలాకాలం నడిచింది. 1749లో లండనులో జరిగిన శాంతి ఉత్సవపు బాణసంచాను సందర్భంగా తీసుకొని తారాజువ్వలు ఎంత ఎత్తు లేస్తాయో కొలిపించాడు. అదే సంవత్సరం ఇతనికి రెండు ఉద్యోగాలు ఎదురయ్యాయి. ఒకటి పారిస్‌లో అకేడియా సరిహద్దుల సంప్రదింపులు జరిపేది, రెండవది ఈస్టిండియా కంపెనీ ఇంజనీరు జనరల్ పదవి. రాబిన్స్ రెండవదానిని ఎంచుకున్నాడు.

1749 చివరలో బయలుదేరి 1750 జూలైలో ఇతడు సెయింట్ డేవిడ్ కోట చేరాడు. ఖగోళ, భౌతిక పరిశీలనలకు పనిముట్లు వెంట తెచ్చుకున్నాడు. ఆ కోటకూ, ఫ్రెంచివారి నుండి తిరిగివచ్చిన మద్రాసు కోటకూ పటిష్ఠమైన రక్షణ పథకాలు తయారుచేయడం ఇతని బాధ్యత. ఇతనికి ఇక్కడి వాతావరణం సరిపడలేదు. సెప్టెంబరులో జ్వరం వచ్చి తగ్గింది, కాని ఆరోగ్యం మళ్ళీ కుదుటపడలేదు. 1751 జూలై 29న, కంపెనీకి పంపవలసిన నివేదిక రాస్తుండగానే మరణించాడని జీవితచరిత్రకారులు చెబుతారు. వయసు 44 సంవత్సరాలు. వివాహం చేసుకోలేదు.

రాబిన్స్ వెంట సహాయకునిగా వచ్చిన జాన్ కాల్ అనే యువకుడు తరువాత మద్రాసులో కంపెనీ ముఖ్య ఇంజనీరు అయ్యాడు. 1758-59లో లాలీ మద్రాసును ముట్టడించినప్పుడు కోట రక్షణ పనులు చూసినది ఇతడే.

కృష్ణా తీరంలో ఆ కాలం

రాబిన్స్ కడలూరులో దిగిన 1750లోనే ఫ్రెంచివారు మచిలీపట్నాన్ని ఆక్రమించారు. 1753 నాటికి కొండపల్లితో సహా ఉత్తర సర్కారులు వారికి దక్కాయి. బందరు కోట చుట్టూ ఉప్పుటేరు బురద ఉండేది, అదే కోటకు పెద్ద రక్ష. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డ్ ఈ కోటను ముట్టడించినప్పుడు అతని వద్ద ఇక రెండురోజులకు సరిపడా మందుగుండు మాత్రమే మిగిలింది. హైదరాబాదు నుండి సలాబత్ జంగ్ సైన్యం సమీపిస్తున్నది. ఏప్రిల్ 7 రాత్రి సిపాయిలు, తెల్లసైనికులు కలిసి ఒకేసారి అనేక వైపుల నుండి దాడిచేసి కోటను పట్టుకున్నారు. కృష్ణా డెల్టాలో ఆంగ్లేయుల ఆధిపత్యానికి నాంది ఇదే.

ఈ ముట్టడికి రాబిన్స్ సిద్ధాంతాలకు నేరుగా సంబంధం లేదు. కాని చీకటిలో, బురదలో, తడవకుండా కాపాడుకున్న తోటాతో నింపవలసిన ఆ మస్కెట్లు ఇతడు లోలకం ముందు పరీక్షించిన కోవకు చెందినవే. గుండు సరిగా కూర్చోకపోతే ఏమవుతుందో లండనులో పండితులకు తెలిసి అప్పటికి పదిహేడేళ్ళు. ఇక్కడి సిపాయికి అది కవాతులో నేర్పిన అలవాటుగా మాత్రమే తెలుసు.

నేటి తూటాలలో

మందు, గుండు ఒకే ఇత్తడి కేసులో ఇమిడిన నేటి రైఫిలు తూటాలో గుండు సగంలో ఆగిపోయే బెడద లేదు. రాబిన్స్ ప్రశ్న మాత్రం మరో రూపంలో మిగిలింది. లక్ష్యసాధన పోటీల కోసం తూటాలను చేతితో నింపుకునే విదేశీ క్రీడాకారులు, గుండును కేసులో ఎంత లోతున కూర్చోబెట్టాలి అనే విషయంపై ఎంతో శ్రమ పడతారు.

లోతు మరీ ఎక్కువైతే కేసులో ఖాళీ తగ్గి పీడనం పెరుగుతుంది. ఇది సూటిగా రాబిన్స్ అతిపరావలయం చెప్పినదే. లోతు తగ్గించి గుండును బయటికి ఉంచితే, అది గొట్టంలో గాళ్ళు మొదలయ్యే అంచును తాకుతుంది. అప్పుడు గుండు కదలడానికే ఎక్కువ బలం కావలసివచ్చి, మళ్ళీ పీడనం పెరుగుతుంది. ఈ రెండింటి మధ్య, గుండుకూ గాళ్ళకూ నడుమ కొద్దిపాటి ఎడం ఉండేచోట, ఆ తుపాకికీ ఆ గుండుకూ నప్పే లోతు ఉంటుంది. దానిని అంగుళంలో వెయ్యోవంతులలో కొలుస్తారు. 16 అంగుళాల ఖాళీతో మస్కెట్ పగిలిన ప్రయోగాన్ని ఈ చిన్న ఎడంతో పోల్చి భయపడటం సరికాదు, రెండిటి స్వభావం వేరు.

అన్ని రైఫిళ్ళకు వర్తించే ఒకే లోతు ఏదీ లేదు. ప్రచురిత పట్టికలలోని కొలతతో, తక్కువ మందుతో మొదలుపెట్టి, ఒక్కొక్క లోతుకు కొన్ని తూటాలు కాల్చి, రంధ్రాలు దగ్గరగా పడినచోటును ఎంచుకుంటారు. గుండు మొనలు ఒకే పొడవు ఉండవు, కాబట్టి మొన నుండి కాక, గాళ్ళను తాకే వంపు భాగం నుండి కొలవాలి. కాల్చేకొద్దీ గాళ్ళ అంచు అరిగి ముందుకు, మూతి వైపు జరిగిపోతుంది, కనుక ఒకసారి కుదిరిన కొలత ఎల్లకాలం కుదరదు. లోతు మార్చిన ప్రతిసారీ వేగాన్ని కూడా చూస్తారు. లోలకం చేసిన ఆ పనిని ఇప్పుడు క్రోనోగ్రాఫ్ అనే విద్యుత్ పరికరం చేస్తున్నది. భారతదేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం.

రచనలు

రాబిన్స్ మరణించిన పదేళ్ళకు, 1761లో, మిత్రుడు జేమ్స్ విల్సన్ ఇతని గణిత, ఫిరంగి రచనలను రెండు సంపుటాలుగా ప్రచురించాడు. రైఫిలు పత్రం కూడా అందులో చేరింది. వూలిచ్ విద్యాలయంలో ఇతనికి దక్కని ఆచార్య పదవిని తరువాత చేపట్టిన చార్లెస్ హట్టన్, 1770లలో ఇదే లోలకాన్ని పెద్దది చేసి ఫిరంగి గుండ్ల వేగాన్ని కొలిచాడు. అందుకు 1778లో అతనికి కూడా కోప్లీ పతకం లభించింది.